బడి వదిలాక చేసిన పరీక్ష

"గొడుగు తలుపు వెనకాల పెట్టాను" అంది స్పీకరు. ఆ గొంతు వెనక మా జంషెడ్‌పూర్‌లోని మాంగో పేట కూరగాయల బజారు రొద వినబడుతోంది. ఒక ఆదివారం పొద్దున నేనే ఫోను పట్టుకుని బజారు మధ్యలో నిలబడి రికార్డు చేసుకొచ్చిన రొద అది. రూతమ్మగారు కుర్చీ అంచుకు జరిగి, కళ్లు చిట్లించి, ఆ వాక్యాన్ని పొల్లుపోకుండా తిరిగి చెప్పారు.

తర్వాత చీపురు వానలో తడిసిందని, నిమ్మకాయలు దొరకలేదని, తాళం పక్కింట్లో ఇచ్చామని, దువ్వెన సబ్బుడబ్బాలో ఉందని స్పీకరు చెప్పింది. నాలుగూ ఆవిడ సరిగ్గా అప్పజెప్పారు. రెండు చెవులకూ వినికిడి మిషన్లు ఉన్నాయి. సిద్ధగోరాలో బడి వదలగానే ఇంటికి వెళ్లకుండా షేర్ ఆటోలో నేరుగా మా క్లినిక్కుకు వచ్చారు. చేతిసంచి ఇంకా ఒళ్లోనే ఉంది.

రొద ఆపేశాను. "ఇప్పుడు ఆ ఐదు వస్తువుల పేర్లూ చెప్పండమ్మా."

ఆవిడ నావైపు చూశారు. "ఏ వస్తువులు బాబూ?"

"ఇందాక మీరు చెప్పినవే. వాక్యానికి ఒకటి ఉంది కదా."

సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ చాలాసేపు ఆలోచించారు. "తాళం" అన్నారు చివరికి. "తాళం ఒకటుంది. మిగతావి నాను సెప్పినానేటి?"

"చెప్పారు. అన్నీ సరిగ్గానే చెప్పారు."

గోడ పక్కన స్టూలు మీద కూర్చున్న భర్త దానియేలు నావైపు వంగి, గొంతు తగ్గించి, "మా అత్తకీ ఇలాగే మొదలైంది బాబూ" అన్నాడు. ఆవిడకు వినబడదనుకున్నాడు. ఆవిడకు అతని పెదవులు కనబడుతూనే ఉన్నాయి.

"ఇన్నారు కదా. మరింక రాసీండి" అన్నారు రూతమ్మగారు. "పిల్లలు నవ్వకముందే ఎల్లిపోతాను."

ఆవిడ అడుగుతున్నది ఒక సర్టిఫికెట్. వినికిడి లేక పాఠం చెప్పలేకపోతున్నారని నేను రాసి, మా పెద్ద డాక్టరుగారు సంతకం పెడితే, ఆవిడ గౌరవంగా బడి మానుకోవచ్చు. ఇన్నేళ్ల పనిలో ఎంతోమంది ఫిట్ అని రాయమన్నారు కానీ, అన్‌ఫిట్ అని రాయమని బతిమాలినవాళ్లు తక్కువ. ఈ వృత్తిలోకి వస్తున్న కుర్రవాళ్లు ఏం చెప్పమన్నా నేను ఆ మధ్యాహ్నం దగ్గరే మొదలుపెడతాను.

పొద్దుటి చెవి

నేను డాక్టర్ని కాను. చెవి జబ్బు డాక్టరు చూస్తారు. ఎంత వినబడుతోందో కొలవడం, తగిన మిషను పెట్టడం, దాన్ని మనిషికి సరిపోయేలా సర్దడం నా పని. జంషెడ్‌పూర్‌లో మన తెలుగువాళ్లకు ఈ తేడా ఎన్నిసార్లు చెప్పినా లాభం లేకపోయింది. సంతలో కనబడినా, పెళ్లిలో కనబడినా "సెవుల డాక్టరుగారు" అనే పిలిచారు. కొందరు అక్కడికక్కడే తల తిప్పి చెవి చూపించేవారు.

ఈ పనిలోకి రాకముందు కొన్నాళ్లు ఒక దినపత్రికకు ఊరి వార్తలు రాశాను. అక్కడ డెస్కు మీద ఒక పెద్దాయన ఉండేవాడు. ప్రమాదం జరిగిన వీధికి వెళ్లకుండా పోలీసు స్టేషన్లో విన్నది రాసుకొస్తే, ఆ కాగితం మడిచి నా చొక్కా జేబులో పెట్టి, "ఈ వార్తకి ఆ వీధి చూపించి తీసుకురా" అనేవాడు. ఆయన మీద విసుగుతోనే ఉద్యోగం మానేశాను. ఆయన చెప్పిన ఆ ఒక్క మాట మాత్రం తర్వాత చదువుకున్న చదువుకంటే ఎక్కువ అక్కరకొచ్చింది.

మా క్లినిక్కు పెద్ద డాక్టరుగారు వేరే రకం మనిషి. ఆయనకు కొలత అంటే ప్రాణం. వినికిడి పరీక్షలన్నీ పొద్దునే జరగాలని పట్టు. "సుబహ్ మరీజ్ తాజా రహతా హై" అనేవారు. పొద్దున పేషెంటు తాజాగా ఉంటాడు, కొలత నమ్మదగ్గదిగా వస్తుంది అని. చెవిని మాత్రమే కొలవాలంటే అది సరైన పద్ధతే. అందుకే మధ్యాహ్నం మా పరీక్ష గదిలో మిషన్ల రిపేరు సామాను పరిచి ఉండేది.

అయితే మనిషి బతికేది మధ్యాహ్నం కూడా. మంచి చెవులున్నవాడికి మాట ఊరికే వచ్చి చేరుతుంది. వినికిడి తగ్గినవాడికి ఆ మాట ముక్కలై వస్తుంది. లేని ముక్కల్ని పెదవులు చూసి, ముఖం చూసి, సంగతేమిటో ఊహించి అతనే పూరించుకోవాలి. అది పూర్తయ్యేలోపు రెండో వాక్యం వచ్చేస్తుంది. మన ఊళ్లో అయితే వీధిలో హిందీ, ఇంట్లో సిక్కోలు తెలుగు, పక్కింట్లో ఒడియా. పూరించే పని మూడు భాషల్లో చేయాలి. చెవి మిషను మాటను పెద్దది చేస్తుంది. పక్కనున్న ఫ్యానునూ పెద్దది చేస్తుంది. పూరించే పని మాత్రం మనిషిదే.

ఇది నాకు అర్థం కాకముందు ఒక మిల్లు ఫిట్టరు వచ్చేవాడు. రోజంతా మిషను పెట్టుకుని, ఇంటి గుమ్మంలో చెప్పులతోపాటే దాన్నీ విడిచేవాడు. వాళ్లావిడ మా ముందే, "బయటోళ్లకి సెవులున్నాయి, మాకు లేవు" అని దెప్పింది. మిషను సరిగ్గా వాడటం లేదని పెద్ద డాక్టరుగారు ఆయన్ని కోప్పడ్డారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మళ్లీ రాలేదు. ఎందుకు విడుస్తున్నావని అడగాలని మా గదిలో ఎవరికీ తట్టలేదు. పరీక్ష గ్రాఫు బాగుంది కదా.

కళ్లు తెరిచి ప్రార్థన

రూతమ్మగారిది మాంగో. తాత కాలంలోనే పలాస వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. దానియేలు కాంట్రాక్టు కింద వెల్డింగు పని చేస్తాడు. ఆవిడ సిద్ధగోరాలో ఒక చిన్న ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి లెక్కలు చెబుతారు. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో వినికిడి తగ్గింది. వయసుతో మరికొంత తగ్గింది. మిషన్లు మేమే పెట్టాం.

సర్టిఫికెట్ కోసం మొదటిసారి వచ్చినప్పుడు భర్త, కూతురు షీబా కూడా వచ్చారు. షీబా కాలేజీ పిల్ల. తల్లి తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం.

"ఇంటికొత్తాది, సెప్పులిప్పుతాది, పడుకుంతాది" అన్నాడు దానియేలు. "మాటాడితే కసురుతాది. నాతోటి కోపమేటో నాకు తెల్దు బాబూ. నానేటి సేసినాను?"

"నువ్వేటీ సెయ్యలేదు. అదే గోల" అన్నారు ఆవిడ.

"మమ్మీ సుంతీ హీ నహీ" అంది షీబా. అమ్మ అసలు వినిపించుకోదట. "ఏక్ బాత్ తీన్ బార్ బోలో."

"తెలుగులో సెప్పే. మూడుసార్లు సెప్పక్కర్లేదు" అన్నారు తల్లి.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. పరీక్ష పేపర్లు దిద్ది ఎక్కడో పెట్టి మరిచిపోయారట. ఒక పిల్లవాడి మార్కులు ఇంకొకరికి వేశారట. తల్లిదండ్రుల సమావేశంలో ఒకావిడతో మాట్లాడి, కాసేపటికే ఏం మాట్లాడారో గుర్తురాలేదట. ఆవిడ తల్లి చివరి రోజుల్లో కూతుర్నే గుర్తుపట్టలేక, చచ్చిపోయిన చెల్లెలి పేరుతో పిలిచేది. తనకూ అదే వచ్చిందని రూతమ్మగారు లోపల్లోపల ఖాయం చేసుకున్నారు. చెవుల పేరు చెప్పి బడి మానేస్తే, మతి సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు. అందుకే ఆ సర్టిఫికెట్.

ఇంకో సంగతి దానియేలు చెప్పాడు. ప్రతి బుధవారం ఎవరో ఒకరింట్లో స్త్రీల కూడిక జరుగుతుంది. అందరూ కళ్లు మూసుకుని వరుసగా ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేస్తారు. రూతమ్మగారు మాత్రం కళ్లు తెరిచే ఉంచుతారు. ఆ తర్వాత బైబిలు వాక్యం చెప్పేటప్పుడు కునుకు తీస్తారు. ఆ కూడిక నడిపే సారమ్మగారు నలుగురిలో అనేశారట: "మా రూతు ప్రార్థనప్పుడు కళ్లు తెరుత్తాది, వాక్యమప్పుడు మూత్తాది." అందరూ నవ్వారు. ఆవిడా నవ్వారు. ఆ మర్నాడే సర్టిఫికెట్ కోసం మా దగ్గరికి వచ్చారు.

అలవాటు ప్రకారం పొద్దున పరీక్ష చేశాం. శబ్దం చొరని గదిలో మిషన్లతో ఆవిడకు బాగా వినబడింది. గ్రాఫు చూసి పెద్ద డాక్టరుగారు, "ఇంత మంచి ఫలితం వస్తే అన్‌ఫిట్ ఎలా రాస్తాం?" అన్నారు. మతిమరుపు మాట ఉంది కాబట్టి థైరాయిడ్, షుగరు అన్నీ చూపించి, నరాల డాక్టరు దగ్గరికీ పంపారు. ఎక్కడా ఏమీ దొరకలేదు. ఈ పని కుర్రవాళ్లు మరిచిపోకూడదు. అలసట అని మనం పేరు పెట్టేముందు, అది ఇంకేదీ కాదని తెలిసినవాళ్లు చూడాలి.

ఏమీ లేదని చెబితే ఆవిడ సంతోషించలేదు. "ఏటీ లేదంతే, మరి నాకేటయింది?" అన్నారు.

అప్పుడు డెస్కు పెద్దాయన గుర్తొచ్చాడు. ఈ గ్రాఫుకి ఆవిడ మధ్యాహ్నం చూపించాలి. రిపేరు సామాను పక్కకు జరిపి, బడి వదలగానే రమ్మన్నాను. మొదట్లో చెప్పిన పరీక్ష అదే.

ఐదు వస్తువులు

ఆ మధ్యాహ్నం నేను సర్టిఫికెట్ రాయలేదు. "రేపు ఆదివారం. పొద్దున చర్చికి వెళ్లేముందు ఒక్కసారి ఇలా రండి" అన్నాను.

"మళ్లీ ఎందుకు బాబూ? తేలిపోనాది కదా."

"సగమే తేలింది."

పొద్దున తెల్లచీర కట్టుకుని వచ్చారు. దానియేలు ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. ఆదివారం క్లినిక్కు తెరవడం మా రివాజు కాదు. తాళం నేనే తీశాను. ఈసారి వాక్యాలు కొత్తవి. అదే గొంతు, అదే బజారు రొద, అంతే పెద్దగా పెట్టాను. చెంబు, కత్తెర, అరటిపండు, దుప్పటి, గంట. ఐదూ తిరిగి చెప్పారు. నిన్న కూడా ఐదూ చెప్పారు కాబట్టి ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు.

"వస్తువులు చెప్పండి" అన్నాను.

"చెంబు" అన్నారు. "కత్తెర. గంట." ఆగి, గోడ చూసి, "దుప్పటి" అన్నారు. తర్వాత నవ్వు ఆపుకుంటూ, "ఓలమ్మా, అరటిపండు!" అన్నారు.

దానియేలు స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. 

"మతి పోయినవాళ్లకి అది మధ్యాహ్నం పోయి పొద్దునకి ఇలా తిరిగిరాదమ్మా" అన్నాను. "నిన్న మీ బుద్ధి అంతా వినడానికే ఖర్చయిపోయింది. గుర్తుపెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. పేపర్లు ఎక్కడ పెట్టారో గుర్తులేకపోవడం కూడా అలాంటిదే అనుకుంటాను."

ఆవిడ మిషన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఇంక మా మాటలు అక్కర్లేదన్నట్టు కొంగు ముఖానికి అడ్డంపెట్టుకుని ఏడ్చారు. తల్లి పేరు ఒకసారి పలికారు. దానియేలు ఏమని ఓదార్చాలో తెలియక, "చర్చికి ఆలీసమవుతాది" అన్నాడు. మిషన్లు లేని చెవులకు అది వినబడలేదు. కొంగు అంచు మీదుగా అతని పెదవులు చూశారు మరి. కొంగులోంచే, "అవనీ" అన్నారు.

ఒకటి ఒప్పుకోవాలి. ఒక మధ్యాహ్నం, ఒక పొద్దున చూసి శాస్త్రం చెప్పలేం. తర్వాత ఇంకా చాలాసార్లు, వారం మధ్యలో, సెలవుల్లో, మార్చి మార్చి చూశాను. సెలవు రోజు మధ్యాహ్నం బాగానే ఉండేది. బడి ఉన్న రోజు మధ్యాహ్నం పడిపోయేది. ఈ గ్రాఫులు చూసి పెద్ద డాక్టరుగారు ఒక్కొక్కటే పక్కపక్కన పెట్టి పోల్చారు. చివరికి, "మధ్యాహ్నం ఆ గదిలోంచి సామాను తీయించు" అన్నారు. ఆయన దగ్గర అదే మెచ్చుకోలు.

అల్మారీల్లో పెట్టిన టీచరు

మంచి మనసుతో జరిగిన తప్పు తర్వాత వచ్చింది. రూతమ్మగారి అలసట గురించి ఉత్తరం రాసి బడి ప్రిన్సిపాల్ మేడంగారికి పంపాను. ఆవిడ దయగల మనిషి. వెంటనే నాలుగో తరగతి తీసేసి రూతమ్మగారికి లైబ్రరీ ఇచ్చారు. అక్కడ మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు కదా అని.

రూతమ్మగారు మా క్లినిక్కు తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చారు.

"నన్ను పుస్తకాలతోటి కలిపి అల్మారీల్లో పెట్టీసినారు బాబూ. ఇదేటి మీరు సేసిన మేలు? నానే మానేత్తానన్నాను, మీరు వద్దన్నారు. ఇప్పుడు జీతమిచ్చి మానిపించినారు."

మర్నాడు బడికి వెళ్లాను. ఒక్క రోజుకి తరగతి తిరిగి ఇచ్చి ఆవిడ పని చూడనివ్వమని మేడంగారిని అడిగాను. "దేఖ్ లీజియే" అన్నారు మేడంగారు, చూసుకోండి అని. వెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నాను. మోకాళ్లు బెంచీలో పట్టక పక్కకు పెట్టుకున్నాను.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. మాట్లాడాలనుకున్న పిల్ల చెయ్యెత్తుతుంది. టీచరు బోర్డు తుడిచే డస్టరు ఆ పిల్లకు అందిస్తారు. డస్టరు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే లేచి, టీచరు వైపు తిరిగి మాట్లాడాలి. మిగతావాళ్లు నోరు మెదపరు. డస్టరు తిరిగి వచ్చాకే ఇంకొకరు. ఎవరు మాట్లాడుతున్నారో వెతుక్కునే పని రూతమ్మగారికి లేదు. ముఖం ఎదురుగానే ఉంటుంది. సంగతి లెక్కలే కాబట్టి ఊహించుకోవలసిందీ తక్కువే. పిల్లల చేతులు, జుట్టు అన్నీ చాక్‌పీసు పొడి. పీరియడు అయ్యేసరికి ఆవిడ నాకంటే హుషారుగా ఉన్నారు.

తర్వాత విరామం గంట కొట్టారు. స్టాఫ్‌రూముకు ఆవిడ వెనకే వెళ్లాను.

చిన్న గది, పైన రెండు ఫ్యాన్లు, బల్ల చుట్టూ టీచర్లు, టిఫిను డబ్బాల చప్పుడు. ఒకరి చీర గురించి ఒకరు, కోడలి గురించి ఇంకొకరు, పరీక్షల తేదీల గురించి మరొకరు. హిందీలో మొదలైన మాట బెంగాలీలోకి పోయి తిరిగొస్తోంది. రూతమ్మగారి కళ్లు ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి పరిగెడుతున్నాయి. ఒక ముఖాన్ని పట్టుకునేసరికి అది మాట్లాడటం అయిపోతోంది. అందరూ నవ్వితే ఆవిడా నవ్వుతున్నారు, ఒక్క క్షణం ఆలస్యంగా. అన్నం ముద్ద చేతిలోనే ఉంది.

ఆవిడ అరిగిపోతున్నది అక్కడ. పాఠం చెప్పే గదిలో కాదు, విశ్రాంతి తీసుకునే గదిలో. పిల్లల్ని తీసేసి మేడంగారు ఆవిడకు మిగిల్చింది సరిగ్గా ఆ విశ్రాంతినే.

మేడంగారికి ఇది చెప్పడానికి చాలా మాటలు పట్టలేదు. ఆవిడను కూడా స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబెట్టి, రూతమ్మగారి కళ్లను మాత్రమే చూడమన్నాను. కాసేపు చూసి, "హే భగవాన్" అన్నారు. తరగతి తిరిగి ఇచ్చారు. లెక్కలు ముందు పీరియడ్లలోకి మార్చారు. విరామంలో వరండా చివర ఒక కుర్చీ వేయించారు. అక్కడ మిషన్లు తీసి పెట్టుకుని, ఏమీ వినకుండా అన్నం తినవచ్చు. రూతమ్మగారు ఒక్కటే షరతు పెట్టారు. రెండు కుర్చీలు వేయాలి. "ఒక్కర్తినీ కూకుంటే అలిగినాననుకుంతారు. ఎవరో ఒకరు పక్కన ఉండాల. మాటాడకపోయినా సరే." ఒక బెంగాలీ టీచరు ఆ రెండో కుర్చీలోకి వచ్చింది. ఆమెకూ స్టాఫ్‌రూము అంటే పడదట. ఎవరికీ చెప్పలేదు.

పాటల పుస్తకం

ఇంట్లో మార్పు తేలిగ్గానే వచ్చింది. బడి నుంచి రాగానే ఆవిడ మిషన్లు తీసి డబ్బాలో పెడతారు. ఆ డబ్బా మూత వేసి ఉన్నంతసేపూ ఇంట్లో ఎవరూ ఆవిడతో మాట్లాడరు. మూత తెరిస్తే మాట్లాడొచ్చు. "మా ఇంట్లో డబ్బాకి భయపడతన్నాం బాబూ" అని దానియేలు ఊరంతా చెప్పుకున్నాడు. కోపం తన మీద కాదని తెలిశాక అతనికి పదేళ్ల వయసు తగ్గినట్టయింది. షీబా ముందుకు వచ్చి నిలబడి మాట్లాడటం నేర్చుకుంది. తెలుగు మాత్రం నేర్చుకోలేదు.

బుధవారం కూడిక మిగిలింది. ఆ వారం వాళ్లింట్లోనే. దానియేలు రమ్మంటే వెళ్లి, గుమ్మం దగ్గర చాప మీద కూర్చున్నాను. పది పదిహేను మంది ఆడవాళ్లు. పాటలయ్యాయి. సారమ్మగారు "కళ్లు మూసుకుందామమ్మా" అన్నారు. అందరూ మూసుకున్నారు. నేను మూసుకోలేదు, రూతమ్మగారూ మూసుకోలేదు. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని దొంగల్లా తలలు దించుకున్నాం.

ఆ గదిలో ఆవిడ పని ఏమిటో అప్పుడు తెలిసింది. ఒకరి ప్రార్థన ఎక్కడ అయిపోయింది, ఆమేన్ ఎప్పుడు అనాలి, తన వంతు ఎప్పుడొస్తుంది, ఇవన్నీ పెదవులు చూసి పట్టుకోవాలి. ప్రార్థించేవాళ్లు తలలు వంచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోగొంతుకలో మాట్లాడుతున్నారు. కళ్లు మూస్తే ఆవిడకు ఏమీ అందదు. వాక్యం మొదలయ్యేసరికి మిగిలిందంతా ప్రార్థనలోనే అయిపోయేది. సారమ్మగారి మాట నిజమే. కళ్లు తెరవడం వల్లే తర్వాత మూతలు పడుతున్నాయి.

కూడిక అయ్యాక టీ తాగుతూ నేనే సారమ్మగారికి ఇది చెప్పాను. ఆవిడ గ్లాసు కింద పెట్టేశారు.

"మరి ఇన్నాళ్లూ నాతోటి సెప్పవేటే?" అన్నారు రూతమ్మగారితో.

"సెప్తే ప్రార్థనకి సాకు పెడతన్నాననవా?"

"అందును" అన్నారు సారమ్మగారు నిజాయితీగా. రూతమ్మగారి పక్కకు జరిగి, "ఏటి సేద్దామో సెప్పు. సేత్తాను" అన్నారు.

రూతమ్మగారు లేచి, ఒక పాటల పుస్తకం తీసుకుని సారమ్మగారి చేతిలో పెట్టారు. "నీది అయిపోయాక ఇది పక్కావిడ సేతిలో పెట్టు. ఆవిడ అయ్యాక పక్కావిడకి. నా సేతిలోకొచ్చినప్పుడు నాను మొదలెడతాను. నాలుగో తరగతి పిల్లలకి అలవాటైంది, మీకవ్వదేటి?"

"మమ్మల్నీ నాలుగో తరగతిలో కూకోబెట్టీసినావు" అని ఎవరో అన్నారు. ఈసారి నవ్వు రూతమ్మగారి దగ్గర మొదలైంది.

తర్వాతి బుధవారం నేను వెళ్లలేదు. దానియేలు చెప్పాడు. వాళ్లావిడ కళ్లు మూసుకుని ప్రార్థన చేసిందట. చాలా ఏళ్ల తర్వాత మొదటిసారట. వాక్యమప్పుడు మేలుకునే ఉందట. "సారమ్మగారే కునికింది బాబూ" అన్నాడు సంబరంగా.

కొత్తగా వచ్చేవాళ్లకి

పేషెంటు మిషను తీసి జేబులో పెట్టుకున్నాడంటే కోప్పడకండి. ఆ పూట అతనెంత విన్నాడో అడగండి. "బాగా వినబడుతోందా?" అన్న ప్రశ్నకు మర్యాదస్తులంతా అవుననే చెబుతారు. "విన్నాక ఎలా ఉంది?" అని అడిగితే నిజం చెబుతారు. విశ్రాంతి తీసుకోమని ఊరికే చెప్పకండి. విశ్రాంతి అనుకుంటున్న చోటికి వెళ్లి చూడండి. ఇష్టమైన పని తీసేయడం చికిత్స కాదు. ఇంకొకటి, ఉత్తరాలు తక్కువ రాయండి. నా ఉత్తరం ఒక టీచరును అల్మారీల్లో పెట్టింది. వెళ్లి చూసిన ఒక్క పూట బయటికి తెచ్చింది.

పెద్ద డాక్టరుగారి గురించి కూడా తప్పుగా అనుకోవద్దు. ఆయన కొలత లేకపోతే, రూతమ్మగారి చెవి అంత బాగా పనిచేస్తోందని తెలిసేది కాదు. అది తెలియకపోతే అలసట మీదికి చూపు పోయేది కాదు. పొద్దుటి పరీక్షా కావాలి, మధ్యాహ్నం పరీక్షా కావాలి. 

రూతమ్మగారు ఇప్పటికీ నాలుగో తరగతికి లెక్కలు చెబుతున్నారు. మార్కులు తారుమారు కావడం లేదు. ప్రిన్సిపాల్ మేడంగారు మారిపోయారు. ప్రతి ఏడూ కొత్త టైంటేబుల్ వచ్చినప్పుడు ముందు పీరియడ్ల కోసం, వరండాలో కుర్చీల కోసం ఆవిడ మళ్లీ అడుక్కోవలసి వస్తోంది. ఎందుకంటే వినికిడి ఎంత పోయిందో రాయడానికి సర్టిఫికెట్‌లో చోటుంది. విన్నందుకు ఎంత పోయిందో రాయడానికి లేదు.

నేను రిటైరయ్యేముందు ఆవిడకు చివరిసారి రెండు పూటలా పరీక్ష చేశాను. పొద్దున ఐదు వస్తువులూ చెప్పారు. బడి వదిలాక మూడు చెప్పారు. మిగిలిన రెండూ తెచ్చే మిషను ఇంకా నా చేతికి రాలేదు. మా గదిలో ఇప్పుడు రోగులు పెరిగారు, చోటు చాలడం లేదు. మధ్యాహ్నం అక్కడ మళ్లీ రిపేరు సామాను పరుస్తున్నారు.